హోల్డాన్

దిద్దులు, ముక్కుపుడక, జడపిన్నులు
ఒక్కొక్కటీ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించారు.
మెడలో విజిల్ కూడా, గొలుసుతో సహా.
వీక్లీ ఆఫ్ రోజున కూడా అది తీయడం నాకు గుర్తుండదు.
"లోపల పెద్ద అయస్కాంతం ఉంది సువార్తమ్మా" అంది డాక్టర్ హిమజ,
అరండల్‌పేటలో, మూడు మెట్లు దిగితే వచ్చే చల్లటి గదిలో.

నర్సు సన్నటి గొట్టం వేసింది.
సిగ్గుపడాల్సిన చోట సిగ్గు రాలేదు,
ఉన్న సిగ్గంతా ఏనాడో పిడుగురాళ్ల బస్టాండులో ఖర్చయిపోయింది.

సొరంగంలోకి జరిగాను,
ఖాళీ బస్సులో వెనక సీటు మీద పడుకున్నట్టు.
మాట్లాడొద్దు, తల కదపొద్దు.
చేతిలో ఒక మీట:
"తోసుకొచ్చినట్టుంటే నొక్కండి."
నొక్కితే బండి ఆగుతుందా అని అడగబోయి
ఊరుకున్నా.

టకటకటక,
చుట్టుగుంట సిగ్నల్ దగ్గర పాత పల్లెవెలుగు వణికినట్టు.
నీళ్లు లోపలికొస్తున్నాయి.
ఎవరో పంపుతున్నారు, కాసేపు వెనక్కి లాగుతున్నారు, మళ్లీ పంపుతున్నారు.
నేనా, ఇరవై ఆరేళ్లు నీళ్లు తాగకుండా టిక్కెట్లు కొట్టినదాన్ని.
డ్యూటీ ఎక్కే ముందు ఒక్క గుక్క,
అదీ బీపీ మాత్ర మింగడానికి.

గుంటూరు టు మాచర్ల.
సత్తెనపల్లిలో ఐదు నిమిషాలు.
మగాళ్లు దిగి గోడ వెతుక్కుంటారు,
మా డ్రైవర్ మస్తాన్ వలికి ఏ గోడైనా ఒకటే.
నేను చిల్లర లెక్కపెడతాను,
లెక్కపెట్టిందే మళ్లీ లెక్కపెడతాను.
ఆడవాళ్ల దొడ్డికి తాళం.
తాళంచెవి కంట్రోలర్ దగ్గర,
కంట్రోలర్ టీ దగ్గర,
టీ ఎక్కడో.

ఇక మార్చి నెలలో
మిర్చి యార్డు గేటు ముందు ట్రాఫిక్ ఆగితే
బస్సంతా తుమ్ముతుంది.
నేనొక్కదాన్నే తుమ్మును ముక్కులో నొక్కి,
మోకాళ్లు దగ్గరకు లాక్కుని, మిషన్ పొట్టకు అదుముకుని...
ఒక్క తుమ్ము టిక్కెట్టు ఎంతో నాకు తెలుసు:
ఖాకీ కోటు కింద తడిచీరతో
మాచర్ల దాకా నిలుచునే ప్రయాణం.

మీట నొక్కాను.
మళ్లీ నొక్కాను.

అప్పుడు మైకులో ఆమె గొంతు:
"ఇక వదిలేయొచ్చమ్మా. కింద గుడ్డలు పరిచాం. ఎవరూ చూడరు."

రాలేదు.
ఒక నిమిషం. నాలుగు నిమిషాలు.
రైట్ రైట్, అన్నాను లోపల్లోపలే.
ఎవరూ కదల్లేదు.
ఏడుపొచ్చింది. తల కదపకూడదు గనక
కన్నీళ్లు తిన్నగా చెవుల్లోకే పోయాయి.
వాటిని ఆపే చోటు ఆ మిషన్‌కి దొరికిందో లేదో.

తర్వాత తెర మీద నా తల చూపించింది,
బూడిదరంగులో, కోసిన కాలీఫ్లవర్‌లా.
"ఇదిగో, మెడకు కాస్త పైన. వదలమని చెప్పేది ఈ చిన్న చోటే.
దీనికి ముందూ వెనకా తెలీదు, నిండితే బయల్దేరతానంటుంది.
ఇది నుదుటి వెనక. ఆగు అనేది ఇది,
చోటు చూసి, వేళ చూసి, చుట్టూ మనుషుల్ని చూసి."

"అయితే కిందది డ్రైవరు, పైది కండక్టరు" అన్నాను.
నవ్వి, కాగితం మీద రాసుకుంది.
నా కండక్టరు ఎర్రగా వెలుగుతోంది,
వదలమన్న ఆ నాలుగు నిమిషాల్లో కూడా
హోల్డాన్, హోల్డాన్ అని అరుస్తూ.
"ఎందుకమ్మా?"
"ఇంకా తెలీదు. మరో ముప్పైమందిని చూడాలి."
తెలీదని చెప్పిన డాక్టర్ని అదే మొదలు చూడ్డం.

"మేడం, ఈ బొమ్మలో తాళం కనపడుతుందా?"
"ఏ తాళం?"
"సత్తెనపల్లిది."
ఈసారి నవ్వలేదు. పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసింది.

డబ్బాలోంచి విజిల్ తీసి మెడలో వేసుకున్నాను.
దిద్దులు సంచిలోనే పడేశాను.
బయట ఎండ, ఎదురుగా సోడాబండి.
చిల్లరిచ్చి, నిలబడే
గోళీసోడా మొత్తం తాగేశాను.
నల్లచెరువులో ఇంటికి ఆటోలో పద్దెనిమిది నిమిషాలు.

చూద్దాం.